పుట్టి పోయినవాళ్ల లెక్క

2011 ఫిబ్రవరి నెల. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, మా ఇందా వీధుల్లో చలి ఇంకా పూర్తిగా పోలేదు. బడి విడిచిపెట్టగానే చంకలో ఫారాల సంచి పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. జనాభా లెక్కలు రాసే ఎన్యూమరేటర్లలో చాలామంది నాలాంటి బడిపంతుళ్లే. ఫారం మడత పడకూడదు, రాసిన అంకె గడి దాటకూడదు, దాన్ని చదవబోయేది యంత్రం, జాగ్రత్త అని శిక్షణలో పదేపదే చెప్పారు. ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు గడువు.

ఒక ఇంటి వసారాలో ఒక మామ్మ చేటలో బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. ఆమె ఎవరో గుర్తుపట్టే వివరాలు చెప్పను, చెప్పకూడదు కూడా. 1948 నాటి సెన్సస్ చట్టం ప్రకారం ఒక మనిషి చెప్పిన జవాబులు కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరావు, అంత గోప్యం. పలాస ప్రాంతం నుంచి పెళ్లై వచ్చిన మనిషి, ఇంటాయన రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు అంటే చాలు. మన ఊళ్లో అలాంటి ఇళ్లు వందల్లో ఉన్నాయి.

"మామ్మా, మీ వయసెంత?" అన్నాను.

"నాకేటి ఎరుక బాబూ. రైలు సమ్మె జరిగిన ఏడు మా పెద్దోడు సంకలో ఉన్నాడు. అప్పటికి ఇద్దరు ఆడపిల్లలు నాకు."

రైలు సమ్మె అంటే 1974 మే. ఖరగ్‌పూర్‌లో ఆ ఏడాది గుర్తులేని పాత కుటుంబం లేదు. వయసు తెలియనివాళ్లను ఇలా ఏదో ఒక పెద్ద సంఘటన పట్టుకుని అడగమని మాకు చెప్పారు. వేళ్ల మీద లెక్కవేసి ఒక అంకె రాశాను. తరవాత పిల్లల ప్రశ్న వచ్చింది.

"ఎంతమంది పిల్లలు మామ్మా?"

"నలుగురు."

"మొత్తం పుట్టినవాళ్లు?"

చేటలో తిరుగుతున్న చెయ్యి ఆగిపోయింది. "పుట్టి పోయినోల్లని కూడా సెప్పాలా బాబూ?"

"చెప్పాలి మామ్మా."

"ఆరుగురు." కాసేపు ఊరుకుని, "ఒకడు పురిట్లోనే పోయాడు. ఓ పాప ఏడాది నిండకుండా. ఈ మాట నన్ను అడిగినోల్లు లేరు ఇన్నేల్లలో" అంది.

ఆ ఫారంలో పెళ్లైన ప్రతి ఆడమనిషికి వేసే ప్రశ్నలు అవి: బతికి ఉన్న పిల్లలు ఎందరు, ఇప్పటివరకు పుట్టినవాళ్లు ఎందరు, ఆడ మగ వేరువేరుగా. మొదటి ప్రశ్నకు జవాబు గబుక్కున వస్తుంది. రెండోదానికి మనిషి తన లోపలికి వెళ్లి తీసుకురావాలి. తొందరపడే ఎన్యూమరేటరైతే మొదటి అంకెనే రెండోచోటా దించేసి వెళ్లిపోతాడు. అప్పుడు ఆ ఇద్దరు పిల్లలు ఈ దేశంలో పుట్టనే లేదు, పోనే లేదు.

ఈ రోజు నా ప్రసంగానికి ఇచ్చిన విషయం పేరు పెద్దది. ప్రపంచ దేశాలు పెట్టుకున్న అభివృద్ధి లక్ష్యాలు ఎంతవరకు నెరవేరాయో చూడటానికి దేశాల దగ్గర ఉన్న గణాంకాలు ఎక్కడివి, ఎలా దొరుకుతాయి అన్నది విషయం. దాని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ చేట మీద ఆగిన చెయ్యే కనిపిస్తుంది. అందుకే అక్కడ మొదలుపెట్టాను.

2000 సంవత్సరంలో ఐక్యరాజ్యసమితి సహస్రాబ్ది ప్రకటన చేసింది. అందులోంచి ఎనిమిది లక్ష్యాలు వచ్చాయి, 2015 వరకు గడువు. ఆ గడువు తీరిన ఏడాది సెప్టెంబర్ 25న సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు అనే కొత్త జాబితాను ఆమోదించారు. ఇవి పదిహేడు, వాటి కింద 169 చిన్న లక్ష్యాలు, గడువు 2030. మూడో లక్ష్యం కింద ఏముందో చూడండి. సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యిమందిలో అయిదేళ్లలోపు పోయేవాళ్లు 25కి మించకూడదు. పుట్టిన నెలలోపు పోయేవాళ్లు 12కి మించకూడదు. ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 70కి లోపు ఉండాలి, ఇది ప్రపంచ సగటు. న్యూయార్క్‌లో కూర్చుని రాసిన ఈ అంకెలకు జవాబు చెప్పాల్సింది ఎవరు? మా మామ్మే. ఆమె చెప్పిన ఆరు, నాలుగు అనే రెండు అంకెలు.

ఇది మాటవరసకు అంటున్నది కాదు. విలియం బ్రాస్ అనే జనాభా శాస్త్రవేత్త, జనన మరణాల రికార్డులు సరిగా లేని దేశాల్లో ఈ రెండు జవాబుల నుంచే శిశుమరణాలను అంచనా కట్టే పద్ధతి తయారుచేశాడు. చిన్న వయసు తల్లులు చెప్పిన జవాబుల్లోంచి దగ్గరి కాలం తెలుస్తుంది. పెద్ద వయసు తల్లులు చెప్పినదాంట్లోంచి వెనకటి కాలం తెలుస్తుంది. కన్నీళ్లు తుడుచుకుని ఒక తల్లి చెప్పిన అంకె అలా ఒక పట్టికలోకి, పట్టికలోంచి దేశం లెక్కలోకి వెళుతుంది. అందుకని ఆ గడిలో అంకె రాసేటప్పుడు నా చెయ్యి కాస్త బరువెక్కింది.

మన దేశంలో ఈ లెక్కలు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తాయి. పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కలు ఒకటి. పుట్టినప్పుడు, పోయినప్పుడు చేయించే నమోదు రెండోది. అప్పుడప్పుడు కొన్ని ఇళ్లను మాత్రమే ఎంచి అడిగే శాంపిల్ సర్వేలు మూడోది. బడులు, ఆసుపత్రులు, రేషను దుకాణాల రికార్డులు వీటికి తోడు. 2018లో కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ ఈ లక్ష్యాలన్నిటికీ కలిపి జాతీయ సూచికల చట్రం ఒకటి తయారుచేసింది. మొదట అందులో 306 సూచికలు. ఏ సూచికకు అంకె ఏ శాఖ ఇవ్వాలి, ఎన్నాళ్లకోసారి ఇవ్వాలి అన్నది అందులో రాసి ఉంటుంది.

నమోదు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు అందులో ఒక చిక్కు ఉంది.

మన ఇళ్లలో తొలిచూలు పురుడు పుట్టింట్లోనే. పుట్టిల్లు శ్రీకాకుళమో విజయనగరమో అయితే ఏడో నెలలో అమ్మాయి అక్కడికి వెళుతుంది, బిడ్డను ఎత్తుకుని మూడో నెలకో అయిదో నెలకో ఇక్కడికి వస్తుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు కావాలి. కాబట్టి ఇందాలో పెరగబోయే బిడ్డ జననం ఆంధ్రప్రదేశ్ ఖాతాలో పడుతుంది. శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ అని రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం నడిపే ఇంకో ఏర్పాటు ఉంది. ఎంచుకున్న గ్రామాల్లో, పట్టణాల్లోని పేటల్లో ఒక స్థానిక మనిషి ఏడాది పొడవునా జనన మరణాలు రాస్తుంటాడు. ఆరునెలలకోసారి ఒక సూపర్‌వైజర్ వచ్చి, ఆ పుస్తకం చూడకుండా, మళ్లీ ఇల్లిల్లూ అడిగి విడిగా రాస్తాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ఇంటికి మళ్లీ వెళతారు. ఆ ఏర్పాటు మాత్రం బిడ్డ ఎక్కడ పుట్టిందని కాకుండా కుటుంబం మామూలుగా ఎక్కడ ఉంటుందని చూస్తుంది. ఒకే బిడ్డ, ఒక లెక్కలో ఆంధ్ర, ఇంకో లెక్కలో బెంగాల్. రెండూ తప్పు కాదు. వాటిని ఒకదానితో ఒకటి పోల్చేవాళ్లకు ఈ తేడా తెలియకపోతే తప్పు అక్కడ మొదలవుతుంది.

ఈ రెండు రాష్ట్రాల మధ్య తేడా ఎంత పెద్దదో ఒక ఉదాహరణ. 2018 నుంచి 2020 వరకు మూడేళ్లు కలిపి చూస్తే లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, పశ్చిమ బెంగాల్‌లో 103. దేశం మొత్తానికి 97. మూడేళ్లు ఎందుకు కలుపుతారంటే, దేవుడి దయవల్ల ఈ మరణాలు ఇప్పుడు అరుదు, ఒక్క ఏడాది శాంపిల్‌లో దొరికేవి లెక్కకు చాలవు. 70 అనే గీతకు ఒక రాష్ట్రం ఇవతల, ఇంకో రాష్ట్రం అవతల. మన అమ్మాయిలు ఆ గీతను రైలెక్కి దాటుతున్నారు, మళ్లీ రైలెక్కి వెనక్కి వస్తున్నారు. వాళ్లలో ఒకరికి రక్తం తక్కువైతే ఆ సంగతి ఎవరి రికార్డులో ఉంటుంది? ఇక్కడ వేయించిన పరీక్షల కాగితాలు అక్కడి డాక్టరు చూస్తాడా? ఈ ప్రశ్నకు జవాబిచ్చే పట్టిక నేను ఎంత వెతికినా కనబడలేదు. జిల్లా స్థాయిలో తల్లుల మరణాల అంకెను ఆ శాంపిల్ ఏర్పాటు ఇవ్వదు, అంత చిన్నచోటుకు దాని శాంపిల్ చాలదు.

నమోదు గురించి ఒక మాట ఇంటి పెద్దలకు. ఇరవై ఒక్క రోజుల్లోగా చెబితే రుసుము లేదు. ముప్ఫై రోజులు దాటితే అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు దాకా వెళ్లాలి. బిడ్డకు పేరు పెట్టలేదని నమోదు ఆపకండి. పేరు లేకుండానే నమోదు చేయించి తరవాత చేర్చవచ్చు, ఏడాదిలోపైతే రుసుము కూడా లేదు. 2023లో చట్టం సవరించాక, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికైనా ఇంకెందుకైనా పుట్టిన తేదీకి జనన సర్టిఫికెట్టే ఆధారం. శ్రీకాకుళంలో పుట్టిన బిడ్డ కాగితం అయిదేళ్ల తరవాత బెంగాల్ నుంచి వెళ్లి తెచ్చుకోవడం ఎంత అవస్థో మా బడికి వచ్చే తల్లిదండ్రులు చెబుతుంటే విన్నాను. దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో సుమారు 89 శాతం మందికి నమోదు జరిగిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ప్రపంచం మొత్తంగా 77 శాతమే అని యునిసెఫ్ లెక్క. మనం మెరుగే. మిగిలిన పదకొండు శాతం ఎవరి పిల్లలన్నదే ప్రశ్న.

ఇంట్లో పోయిన ముసలివాళ్ల మరణం అయితే చాలాచోట్ల ఏ లెక్కలోకీ పోదు. పోయినా, ఎందుకు పోయారన్నది ఉండదు. 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసిచ్చినవి 22.5 శాతమే. గుండెజబ్బు, మధుమేహం, క్యాన్సర్లతో అకాల మరణాలను 2030 నాటికి మూడో వంతు తగ్గించాలని మనం ప్రపంచానికి మాటిచ్చాం.

ఇక శాంపిల్ సర్వేలు. మన దేశంలో ఈ విద్యకు పుట్టిల్లు మనం ఉంటున్న బెంగాలే. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. బెంగాల్‌లో జనపనార ఎన్ని ఎకరాల్లో వేశారో అన్ని పొలాలూ తిరక్కుండా, కొన్ని ముక్కలను ఎంచి కొలిచి చెప్పవచ్చని ఆ దశాబ్దంలోనే చేసి చూపించాడు. ఒకే ప్రాంతానికి ఇద్దరు వేరువేరు మనుషుల్ని పంపి, వాళ్ల అంకెలు ఎంత దగ్గరగా వచ్చాయో చూసేవాడు. 1950లో జాతీయ శాంపిల్ సర్వే ఆయన చేతుల మీదుగానే మొదలైంది. ఆయన పుట్టినరోజు జూన్ 29ని దేశం గణాంక దినోత్సవంగా జరుపుకుంటోంది.

ఆయన దగ్గరికి మన తెలుగువాడు ఒకడు వెళ్లాడు. హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళితే ఆ ఉద్యోగం దొరకలేదు. తరవాత 1941 జనవరి 1న మహలనోబిస్ సంస్థలో చేరాడు. ఆయనే సి.ఆర్. రావు. 1945లో, పాతికేళ్లైనా నిండకుండా, ఆయన రాసిన ఒక వ్యాసంలోని ఫలితం ఈ రోజుకీ గణాంకశాస్త్ర పుస్తకాల్లో ఉంది. శాంపిల్ నుంచి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, ఏ హద్దు దాటి కచ్చితం కాలేదో అందులో తేల్చాడు. నూట రెండేళ్ల వయసులో, 2023లో, ఆ శాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశాడు. విశాఖ నుంచి హౌరా వెళ్లే రైలు మన ఖరగ్‌పూర్ మీదుగానే వెళ్లాలి. మన స్టేషన్‌లో నిలబడ్డప్పుడు ఈ సంగతి మన పిల్లలకు చెప్పాలని నాకు ఆశ.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలని మన ఇళ్లలో అంటారు. నిజమే, కుండను అడుగు నుంచి కలిపితేనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో దేశంలోని 707 జిల్లాల్లో 6,36,699 ఇళ్లను అడిగింది. అంటే జిల్లాకు సగటున తొమ్మిది వందల ఇళ్లు. ఒక్కోచోట ఇరవై రెండు ఇళ్ల చొప్పున, జిల్లా మొత్తంలో సుమారు నలభై చోట్లు. పశ్చిమ మేదినీపూర్ జిల్లా ఎలా ఉందో చెప్పడానికి అది సరిపోతుంది. ఖరగ్‌పూర్ ఎలా ఉందో చెప్పడానికి సరిపోదు. ఇందా, మథురాకాటి, నింపురాల్లోని తెలుగు ఆడవాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో అసలే చెప్పలేదు. ఆ నలభై చోట్లలో మన వీధి ఉందో లేదో కూడా అదృష్టం.

ఇంకో చిన్న సంగతి చూడండి, నాకు ఇది పెద్దదే. అలాంటి సర్వేల్లో పెద్దగా చదువుకోని స్త్రీ చేతికి ఒక కార్డు ఇచ్చి, దాని మీద ఉన్న వాక్యం చదవమంటారు. పూర్తిగా చదివిందా, కొంత చదివిందా, చదవలేకపోయిందా అని రాస్తారు. ఫారంలో ఇంకో గడి కూడా ఉంటుంది: కావలసిన భాషలో కార్డు లేదు. బెంగాల్‌లో ఒక తెలుగు స్త్రీ ముందు నిలబడ్డ సర్వే అమ్మాయి దగ్గర తెలుగు కార్డు ఉంటుందని గట్టిగా అనుకోగలమా?

మా మామ్మ దగ్గర ఇలాంటిదే జరిగింది. "చదువు వచ్చా మామ్మా?" అంటే, "బెంగాలీ రాదు, హిందీ రాదు, నాకేటి సదువు బాబూ" అంది. రాయబోతూ ఆగి, దేవుడి గూటి వైపు చూశాను. అట్ట చిరిగిన రామాయణం ఉంది. "అదెవరు చదువుతారు?" అన్నాను. "నేనే, రోజూ" అంది. సంతకమే కాదు, కూతురికి ఉత్తరాలు కూడా రాసేదట. జనాభా లెక్కల నిర్వచనంలో ఏడేళ్లు దాటి, ఏ భాషలోనైనా అర్థం చేసుకుని చదవగల, రాయగల ప్రతి మనిషీ అక్షరాస్యులే. ఆ వాక్యంలో ఏ భాషలోనైనా అన్న రెండు మాటలు మా మామ్మ కోసమే రాసినట్టు అనిపించింది. అక్షరాస్యురాలు అని రాశాను. నేను తెలుగువాణ్ణి కాకపోతే ఆ గూటివైపు చూసేవాణ్ణేనా?

2020 నాటికల్లా దేశాలు తమ గణాంకాలను ఆదాయం, ఆడ మగ, వయసు, జాతి, వలస, వైకల్యం, ప్రాంతం, ఇంకా ఆ దేశానికి తగిన ఇతర లక్షణాల వారీగా విడదీసి ఇవ్వగలిగేట్టు చేయాలని పదిహేడో లక్ష్యంలోనే ఉంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లంటే వలస, భాష, ప్రాంతం మూడూ కలిసినవాళ్లం. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి మూడు నాలుగు తరాలుగా ఇక్కడ ఉన్నాం. మనల్ని విడిగా చూడగలిగే అద్దం దేశం దగ్గర ఒకటే ఉంది, అది జనాభా లెక్కలు. మాతృభాష పట్టిక, సి-16 అంటారు, రాష్ట్రం, జిల్లా, దాని కింది స్థాయి వరకు ఎంతమంది ఏ భాషవాళ్లో చెబుతుంది.

ఆ అద్దంలో మనం ఎలా కనిపిస్తామన్నది గుమ్మం దగ్గర తేలుతుంది. నా చిన్నతనం దాటిన రోజుల్లో, 1991లో, మా ఇంటికి వచ్చిన మనిషితో నాన్న హిందీలో మాట్లాడాడు. రైల్వేలో పనిచేసినవాళ్లకు అలవాటే అది. వచ్చినాయన మాతృభాష గడిలో హిందీ అని రాసుకుని వెళ్లిపోయాడు. అడగలేదు, మేమూ చెప్పలేదు. నేను పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాను. ఆరుగురం తెలుగువాళ్లం ఆ రోజు లెక్కల్లో తెలుగువాళ్లం కాకుండా పోయాం. ఇరవై ఏళ్ల తరవాత నా చేతికి ఫారం వచ్చినప్పుడు తెలిసింది, మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష అని నిర్వచనంలో స్పష్టంగా ఉందని. బజార్లో మాట్లాడేది కాదు, బడిలో చదివేది కాదు. తెలిసిన ఇతర భాషలు రెండు రాయడానికి దాని పక్కనే వేరే ప్రశ్న ఉంది, హిందీ, బెంగాలీ అక్కడ చెప్పుకోవచ్చు. తెలుగు అని చెప్పినంత మాత్రాన బెంగాల్‌కు మనం కానివాళ్లం కాము. 2020 డిసెంబర్‌లో ఈ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అలాంటి నిర్ణయాలు ఆఫీసుల్లోకి, బడుల్లోకి దిగి రావాలంటే మొదట అడిగేది ఎంతమంది ఉన్నారనే.

2001లో దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 7.40 కోట్లు, మూడో స్థానం. 2011లో 8.11 కోట్లు, అయినా మరాఠీ ముందుకు వెళ్లడంతో నాలుగో స్థానం. ఇందులో మా ఇంటిలా జారిపోయిన ఇళ్లు ఎన్నో ఏ పట్టికా చెప్పదు.

2011 ఫిబ్రవరి 28 రాత్రి ఇంకా నా కళ్లముందే ఉంది. ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టే రాత్రి అది. మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం 1,072 మీటర్ల పొడవు, అప్పటికి ప్రపంచంలోకెల్లా పొడవైనది అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆ పొడవునా దుప్పట్లు కప్పుకుని పడుకున్నవాళ్లలో ప్రయాణికులెవరు, అక్కడే బతికేవాళ్లెవరు? నిద్రలేపి, టికెట్ ఉందా, ఏ ఊరు అని మెల్లగా అడగాలి. ఒకాయన లేచి కూర్చుని, తన పేరు రాస్తున్నారని తెలిసి, చొక్కా సర్దుకున్నాడు. పేదరికం పోగొట్టాలన్నది పదిహేడు లక్ష్యాల్లో మొదటిది. ఏ ఇంటి శాంపిల్ సర్వేలోనూ ఆయన దొరకడు, ఆయనకు ఇల్లు లేదు కదా.

అలాంటి లెక్క మళ్లీ జరగలేదు. 1881 నుంచి పదేళ్లకోసారి, ప్రపంచయుద్ధం జరుగుతున్న 1941లో కూడా ఆగని జనాభా లెక్కలు 2021లో ఆగిపోయాయి. కోవిడ్ కారణంగా వాయిదా పడ్డాయి, ఆ తరవాతా ఏళ్లు గడిచాయి. దీని నష్టం ఒక్క జనాభా సంఖ్యతో పోదు. చాలా శాంపిల్ సర్వేలు ఏ ఊరు, ఏ పేట ఎంచుకోవాలన్న జాబితా జనాభా లెక్కల నుంచే వస్తుంది. 2013 నాటి ఆహార భద్రత చట్టం గ్రామాల్లో 75 శాతం వరకు, పట్టణాల్లో 50 శాతం వరకు జనానికి చౌక ధాన్యం ఇమ్మంది, కానీ ఎన్ని కోట్లమందిలో 75 శాతం? ఇప్పటికీ 2011 అంకె మీదే. ఆ తరవాత పుట్టిన బిడ్డ ఇవాళ హైస్కూల్లో ఉంది. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లోనే ఒక సూచిక ఉంది: గత పదేళ్లలో కనీసం ఒకసారి జనాభా లెక్కలు తీసిన దేశాలు, నూటికి నూరు జననాలు, ఎనభై మరణాలు నమోదు చేసిన దేశాలు. మహలనోబిస్ దేశం ఆ సూచికలో వెనకబడటం నాకు సిగ్గుగా ఉంది.

సరిహద్దులు కూడా ఊరుకోవు. పాత మేదినీపూర్ జిల్లా 2002 జనవరి 1న రెండైంది. పశ్చిమ మేదినీపూర్‌లోంచి 2017 ఏప్రిల్‌లో ఝార్‌గ్రామ్ విడిపోయింది. 2001 లెక్కల్లో మన రైల్వే సెటిల్‌మెంట్‌ను వేరే పట్టణంగా లెక్కించారు. పాత అంకెను కొత్త అంకెతో పోల్చి జిల్లా బాగుపడిందనో చెడిందనో ఎవరైనా అంటే, ఏ సరిహద్దుల జిల్లా అని ముందు అడగండి. ఝార్‌గ్రామ్ అడవి పల్లెలు ఒక అంకెలో ఉండి ఇంకో అంకెలో లేకపోతే ఆ పోలిక చెల్లదు.

అంకెలు ఎక్కడ దొరుకుతాయని మా విద్యార్థులు అడుగుతుంటారు. ఒకప్పుడు ఢిల్లీ, కలకత్తా లైబ్రరీలకు వెళ్లి చూడాల్సిన పట్టికలు ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూడవచ్చు. జనాభా లెక్కల పట్టికలు సెన్సస్ కార్యాలయం ఉచితంగా ఇస్తోంది. జాతీయ శాంపిల్ సర్వేల జవాబులు, పేర్లు తీసేసినవి, పరిశోధన చేసుకునేవాళ్లకు దొరుకుతాయి. 2024లో ఈ-సాంఖ్యికి అనే పోర్టల్ తెరిచారు. బెంగాల్ ప్రభుత్వం జిల్లాలవారీగా గణాంకాల చేతిపుస్తకం అచ్చువేస్తుంది. ఐక్యరాజ్యసమితి దగ్గర దేశాలన్నిటి అంకెలూ ఒక్కచోట ఉన్నాయి, అయితే అక్కడ ఒక జాగ్రత్త. దేశం పంపిన అంకె వేరు, అంకె దొరకనప్పుడు అక్కడి నిపుణులు వేసిన అంచనా వేరు. ఏది ఏదో పక్కన గుర్తు ఉంటుంది, చూసి వాడుకోవాలి. మన కాలేజీ పిల్లలు ఈ పట్టికలు తెరిచి ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల మీద ఒక్క నిజమైన అధ్యయనం చేస్తే నేను వాళ్ల వెంట ఇల్లిల్లూ తిరగడానికి ఈ వయసులోనూ సిద్ధం.

కొత్త జనాభా లెక్కలకు 2025 జూన్ 16న ప్రకటన వచ్చింది. 2027 మార్చి 1వ తేదీ తొలి నిమిషానికి దేశంలో చాలా ప్రాంతాల్లో ఎవరెక్కడ ఉన్నారన్నది లెక్క. ఈసారి కాగితపు ఫారాలు ఉండవు, ఫోనులో రాస్తారు. ఫోనులో రాసినా అడిగేది మనిషే, చెప్పాల్సింది మనమే.

అమ్మలారా, అయ్యలారా, ఆ మనిషి మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పదినిమిషాలు ఇవ్వండి. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన కోడల్ని, పనికోసం ఊరెళ్లిన కొడుకుని ఎక్కడ లెక్కించాలో అడిగి తెలుసుకోండి. ఇంట్లో ముసలమ్మకు తెలుగు చదవడం వస్తే చదువు వచ్చని చెప్పండి. పుట్టి పోయిన పిల్లల్ని అడిగితే, కష్టమే, అయినా చెప్పండి. మాతృభాష దగ్గర ఆయన మిమ్మల్ని అడక్కుండా రాసుకుపోతుంటే ఆపి, తెలుగు అని చెప్పి, ఆ మాట నమోదయ్యేవరకు పక్కనే నిలబడండి.